వెనక సీటుకు వినపడని పాట

మా ఇంటికి కారు వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది మా అత్త. స్టీరింగు పట్టుకుని వాటిని తొక్కించింది మా బావ, అంటే నా భర్తకు సొంత అన్న. మిగిలిన వాళ్ళం వాకిట్లో నిలబడి చూశాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి విరగకాసి, గుజ్జు ఫ్యాక్టరీలు ఎగబడి కాయ కొన్న ఏడాది అది. మాది ఉమ్మడి కుటుంబం. మామ అప్పటికే లేడు. తోటలు, బేరాలు, ఇప్పుడు ఈ కారు, అన్నీ బావ చేతిలోనే ఉండేవి.

ఆ కారులో కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చిన రేడియో, సీడీ సెట్టు ఉండేది. బజారులో కొని తగిలించుకునే టేపురికార్డరులా ఊడదీసేది కాదు, డ్యాష్‌బోర్డులో భాగంగానే ఉండేది. నల్లటి ముఖం. ఎడమ పక్కన సౌండు పెంచే గుండ్రటి నాబు. కింద వరసగా అంకెలు రాసిన బటన్లు. తాళం తిప్పగానే ఆకుపచ్చ అక్షరాలు వెలిగేవి. సీడీని సందులో ఆనిస్తే చాలు, దానంతట అదే లోపలికి లాక్కునేది. మొదటిసారి అది చూసి మా అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మింగేసిందే!"

బావ ఆ రోజే అందరికీ వినపడేలా చెప్పాడు. "ఆ సెట్టును ఎవురూ ముట్టొద్దు. అది కంప్యూటరు మాదిరి. ఒగ బటను తప్పు నొక్కితే కాలిపోతాది."

నాకు నవ్వొచ్చింది. ఐరాల పక్కన మా పుట్టింట్లో చెరకు తోటల మధ్య మా నాయన ఒక పాత జీపు నడిపేవాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆ జీపులోనే నాకు డ్రైవింగు నేర్పాడు, లైసెన్సు కూడా తీయించాడు. ఆ జీపుకు గేరు వెయ్యాలంటే భుజం నొప్పి పుట్టేది. అట్లాంటి బండిని పొలం గట్ల మీద తిప్పినదాన్ని, ఒక పాటల పెట్టె నా చెయ్యి తగిలి కాలిపోతుందా? అయినా పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు కాబట్టి పైకి ఏమీ అనలేదు.

ఎక్కడికి పోయినా బావ స్టీరింగు దగ్గర, నా భర్త ఆయన పక్కన. వెనక సీట్లో అత్త, నేను, నా తోడికోడలు. తోడికోడలంటే బావ భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. చాలా తక్కువ మాట్లాడే మనిషి. ముందు సీట్లో పాటలు మోగుతుండేవి. బావ నాబు మీద వేళ్ళతో తాళం వేసేవాడు. మాకు మాత్రం ఇంజను చప్పుడు, గాలి చప్పుడు, వాటి మధ్య ఏదో సన్నటి గొణుగుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

"బావా, ఈ వెనక తలుపులకు కూడా జల్లెళ్ళు ఉండాయే. వీటిల్లోంచి పాట రాదా?" అని ఒకసారి అడిగాను.

"అవి ఉత్తుత్తివిలే. అందానికి పెట్టినారు" అన్నాడు.

నమ్మాం.

ఒక రోజు చిత్తూరు నుంచి తిరిగి వస్తూ, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర అన్నదమ్ములిద్దరూ దిగారు. కాయ సంగతి మాట్లాడాలి. ఎండ మండిపోతోంది. ఆ కారు అద్దాలు దిగాలంటే తాళం పెట్టి తిప్పి ఉండాలి. అందుకని బావ తాళం వదిలేసి పోతూ, "అద్దాలు దించుకోండి. ఇంకేం ముట్టొద్దు" అన్నాడు.

గేటు ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. మగ్గిన మామిడి వాసన కారు నిండా కొట్టింది. ఎంతసేపటికీ వాళ్ళు రాలేదు. నేను రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగాను.

"మే, వద్దు" అంది అక్క.

"కాలిపోతే నా పేరు చెప్పు అక్కా."

సెట్టు వెలిగింది. ముందు స్పీకర్లలో పాట మొదలైంది. నాబును తిప్పితే సౌండు పెరుగుతుందని అందరికీ తెలుసు. దాన్ని లోపలికి నొక్కితే ఏమవుతుందో చూద్దామని నొక్కాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు మారాయి. ఒకసారి నొక్కితే బొంగురు గొంతును పెంచేది వచ్చింది, ఇంకోసారి నొక్కితే సన్న గొంతును పెంచేది. ఆ తర్వాత పాటను కుడికీ ఎడమకూ జరిపేది. చివరికి ఎఫ్, ఏ, డీ అనే మూడక్షరాలు. వాటి పక్కన ముందు వైపు అని సూచించే ఎఫ్ అక్షరం, అది పోగలిగినంత చివరిదాకా తిప్పి పెట్టి ఉంది. నేను నాబును మెల్లగా రెండో వైపుకు తిప్పాను.

పాట వెనక్కి నడిచి వచ్చింది. నిజంగా అట్లాగే అనిపించింది. ముందు సీటు నుంచి లేచి, మా మధ్యకు వచ్చి కూర్చున్నట్టు.

అత్త ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగింది. "ఎవురే నా చెవులో పాడేది?"

అక్క తన పక్కనున్న జల్లెడ మీద అరచెయ్యి ఆనించింది. "అదురుతా ఉండాది మే" అంది. ఆమె ముఖంలో అట్లాంటి ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు.

దాన్ని సరిగ్గా మధ్యలో నిలిపి సెట్టు ఆపేశాను. తిరిగి ముందుకు తిప్పి, ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. కూర్చోలేదు. వెనక స్పీకర్లు పనిచేస్తాయని తెలిస్తే బావ కూడా సంతోషిస్తాడనే అనుకున్నాను.

బావ వచ్చి బండి తీశాడు, సెట్టు వేశాడు. పాట వెనక నుంచి కూడా మోగింది. ఆయన ఆశ్చర్యపోలేదు. ఇదేందని అడగలేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే నాబు మీదికి చెయ్యి పోయింది. నొక్కాడు, నొక్కాడు, సరిగ్గా ఆ మూడక్షరాల దగ్గర ఆగి ముందుకు తిప్పేశాడు. మా చెవుల దగ్గర పాట తెగిపోయింది.

అంటే ఆయనకు మొదటినుంచీ తెలుసు.

"బావా, ఇవి ఉత్తుత్తివి అన్నారే?"

"మీరు వెనక మాట్లాడుకుంటా ఉంటారు కదా, అడ్డమెందుకని."

"మాట్లాడాల్నో పాట వినాల్నో మమ్మల్ని అడిగినారా?"

అక్క నా తొడ గిల్లింది. నా భర్త కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ ఉండిపోయాడు. ఇంటికి వచ్చాక, "అన్నకు అట్ల ఎదురు చెప్తే ఎట్ల? కొన్నాళ్ళు గమ్మునుండు" అన్నాడు.

"ఉండను" అన్నాను.

ఆ తర్వాత కారెక్కిన ప్రతిసారీ, "బావా, వెనక్కి వినపడలేదు" అని గట్టిగా అనేదాన్ని. ఆయన విననట్టే ఉండేవాడు. నేను మానలేదు.

మామిడి సీజను మధ్యలో అత్త పడింది. కొట్టంలో కాయలు ఏరుతుంటే కుళ్ళిన పండు మీద కాలు జారింది. చెయ్యి ఆనించి పడటంతో మణికట్టు దగ్గర ఎముక విరిగి, చెయ్యి వంకరగా వాచిపోయింది. మగవాళ్ళిద్దరూ లారీల వెంట పోయి ఉన్నారు. ఫోను చేస్తే కలవలేదు. కారు మాత్రం వేపచెట్టు నీడలో నిలబడి ఉంది.

"పుత్తూరుకు పోవాల. కట్టు కట్టించుకోవాల" అంది అత్త పళ్ళు బిగించి. మా జిల్లాలో ఎముక విరిగితే ఎవరి నోట్లోంచైనా మొదట వచ్చేది ఆ ఊరి పేరే. "బస్సులో పోతే ఈ చెయ్యి నిలవదు మే. ఎవురన్నా డ్రైవర్ని పిలువు."

నేను లోపలికి పోయి మేకుకున్న తాళం తీసుకున్నాను. అక్క గడపలో అడ్డం నిలబడింది. "ఆయనొచ్చి అడిగితే?"

"నేను తీసుకుపోయినానని చెప్పు."

అక్క పక్కకు తప్పుకుంది. ఒక దిండు తెచ్చి అత్త ఒళ్ళో పెట్టి, దాని మీద చెయ్యి కదలకుండా తువ్వాలుతో కట్టింది. అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆ కారులో ఆమె ముందు కూర్చోవడం అదే మొదలు.

"నీకు చాతనవుతాదా?"

"అవుతాది అత్తా. కళ్ళు మూసుకో."

"మూసుకోను. సూస్తా ఉంటా" అంది.

మొదటి మలుపు మరీ నెమ్మదిగా తిప్పాను. హైవే ఎక్కేసరికి మా నాయన జీపు గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. దాని ముందు ఈ కారు వెన్నపూస. చిత్తూరు దాటి పుత్తూరు దారి పట్టాక మాత్రం గుంతలు మొదలయ్యాయి. గుంత గుంతకూ అత్త "అమ్మా" అని మూలిగేది. నేను ఎంత మెల్లగా పోనిచ్చినా ఆ మూలుగు ఆగలేదు.

కొంత దూరం పోయాక ఆమే అంది. "ఆ పెట్టె పెట్టు మే. నొప్పి మీద నుంచి మనసు పక్కకు పోవాల."

బండి ఒక పక్కన ఆపి సెట్టు వేశాను. తిరుపతి స్టేషను వచ్చింది. పాత పాట. అత్తకు తెలిసిన పాట. ఇకమీదట మళ్ళీ వెతకకుండా ఉండాలని ఒక అంకె బటను కీచుమనేదాకా నొక్కి పట్టుకున్నాను. స్టేషను దానిలో నిలిచిపోయింది. కొండల మధ్యకు పోయాక రేడియో బరబరమంది. తలుపు అరలో దొరికిన సీడీ వేశాను. బండి ఎగిరినప్పుడల్లా సీడీ కూడా ఒక ముక్క మింగి ముందుకు దూకేది. అత్త కూనిరాగం మొదలుపెట్టింది. పెద్ద గుంత వచ్చినప్పుడు "అమ్మా" అనడానికి బదులు ఆ పాట ముక్కనే గట్టిగా అరిచేది. కార్వేటినగరంలో రోడ్డు పక్కన టీ తాగేవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకుని సౌండు ఇంకొంచెం పెంచాను.

పుత్తూరులో చెయ్యి లాగి సరిచేసేటప్పుడు అత్త నా భుజం పట్టుకుని గోళ్ళు దించింది గానీ అరవలేదు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు వేసి, గుడ్డతో చుట్టారు. కట్టు మార్చడానికి మళ్ళీ మళ్ళీ రావాలన్నారు.

ఇల్లు చేరేసరికి సందకాడయింది. బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మేం కార్వేటినగరం దాటుతుండగా మా ఊరాయన ఒకడు స్కూటరు మీద మమ్మల్ని చూశాడట. ఆయన ఊరు చేరి, టీ అంగట్లో నలుగురిలో చెప్పాడట.

బావ అత్త చెయ్యి చూశాడు. కట్టు ఎట్లా ఉందని అడిగాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "తీసుకుపొయినావు, సరే. ఎముక ఇరిగిన మనిషిని పక్కన పెట్టుకోని పాటలేంది? మీ ఆడోళ్ళు కారులో పాటలేసుకోని ఊరేగతా ఉండారంట అని నా మొగం మీద అంటా ఉండారు."

నేను నోరు తెరిచేలోపు అత్త కారు తలుపు పట్టుకుని లేచింది.

"నేనే పెట్టమన్నా. నొప్పి నాది, చెవులు నావి. మధ్యలో ఆ టీ అంగిటోళ్ళదేముండాది రా?"

తల్లి మాటకు బావ తల దించుకున్నాడు. కానీ కోపం మాత్రం దిగలేదు. అది నాకు తర్వాత తెలిసింది.

మళ్ళీ పుత్తూరు పోవలసిన రోజు వచ్చింది. ఫ్యాక్టరీ దగ్గర లారీలు నిలిచిపోయి బావకు తీరలేదు. తాళం తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంత సులభంగా ఇస్తాడని నేననుకోలేదు. బండి తీసి సెట్టు నొక్కితే వెలగలేదు. ఎంత నొక్కినా ఒక్క అక్షరం లేదు. డ్యాష్‌బోర్డులో గడియారం కూడా చచ్చిపోయి ఉంది. ఆ పూటంతా అత్త గుంత గుంతకూ మూలుగుతూనే ఉంది. తనే పాడబోయి, రెండు ముక్కలు పాడి, ఊపిరి చాలక మానేసింది.

ఇంటికి వచ్చాక స్టీరింగు కింద మోకాలి దగ్గరున్న చిన్న మూత ఊడదీశాను. లోపల రంగురంగుల ఫ్యూజులు వరసగా ఉన్నాయి. మూత వెనకాల ఏ గడి దేనిదో బొమ్మలు గీసి ఉన్నాయి. రేడియో బొమ్మ ఉన్న గడి ఖాళీ. మాడిపోలేదు, విరగలేదు. ఎవరో పీకేశారు. ఆ ఎవరో ఎవరని అడగాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున చిత్తూరు పోయి కొత్త ఫ్యూజు తెచ్చుకుందామని బయలుదేరుతుంటే, బట్టలు ఉతుకుతున్న అక్క రాతి దగ్గర నుంచి పిలిచింది. సబ్బు చేతులు తుడుచుకుని, కొంగు ముడి విప్పింది. అందులో చిన్న ఫ్యూజు ఉంది.

"ఇదేనా సూడు. ఆయన చొక్కా జోబులో ఉన్నింది."

నేను ఆమె ముఖంలోకి చూశాను. "అక్కా, తెలిస్తే నిన్నేమన్నా అంటాడేమో."

"అననీ మే. ఇన్నేండ్లు ఏమీ అనిపించుకోకుండా ఉండి నాకొచ్చిందేముండాది?"

నేను ఆ పని రహస్యంగా చెయ్యదలచుకోలేదు. బావ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన ఎదురుగానే కారు తలుపు తెరిచి, వంగి, ఫ్యూజును గడిలో నొక్కాను. తాళం తిప్పాను. ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. దాచుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోయి ఉన్నాయి, గడియారం మొదటికి వచ్చి మిణుకుమంటోంది. వెతుకుడు బటను నొక్కాను. తిరుపతి స్టేషనులో ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతున్నారు.

బావ పేపరు కింద పెట్టి వచ్చాడు. "ఎవురు పెట్టినారు ఆ ఫ్యూజు?"

"నేనే పెట్టినా."

"నీకు యాడ దొరికింది?"

సౌండు కొంచెం పెంచాను.

"నిన్నే అడిగేది!"

ఇంకొంచెం పెంచాను. వరి పైరుకు తెగులు మందు ఎట్లా కొట్టాలో వాకిలంతా వినపడింది. బావ లోపలికి చెయ్యి పెట్టి తాళం తీయబోయాడు. నేను తాళం మీద నా చెయ్యి వేసి అట్లాగే ఉంచాను. "మీరు తీసేస్తే ఇంకోటి తెస్తా బావా. చిత్తూరు బజారంతా ఫ్యూజులే. అత్తకు నొప్పి తగ్గేదాకా ఇది మోగతాది. తగ్గినాక కూడా మోగతాది."

అప్పుడు అక్క వచ్చింది. తడి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేరుగా వచ్చి నా పక్కన నిలబడింది. మా అందరి ముందు ఆమె భర్తతో అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"దాన్నేం అడిగేది? నేనిచ్చినా. నీ జోబులోదే."

బావ ఆమె వైపు తిరిగాడు. ఆయనకు కోపమే వస్తుందనుకున్నాను. కానీ ఆయన ముఖంలో కనపడింది తెల్లబోవడం. ఒక్కసారిగా ముసలివాడైనట్టు అనిపించింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తోట వైపు వెళ్ళిపోయాడు. నా భర్త అప్పటిదాకా స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు. వచ్చి సౌండు తగ్గించాడు. నేను మళ్ళీ పెంచాను. ఈసారి ఆయన తగ్గించలేదు. కాసేపటికి నవ్వు ఆపుకోలేక, "వరి మందు గురించి ఇంత గట్టిగా ఎవురూ వినుండరు" అన్నాడు.

ఆ ఫ్యూజును మళ్ళీ ఎవరూ పీకలేదు. బావ నాతో చాలాకాలం ముభావంగానే ఉన్నాడు. నేనూ వెళ్ళి బతిమాలలేదు. తాళం మాత్రం ఇంట్లో అందరిదీ అయింది. అడగకుండానే తీసుకునేదాన్ని.

తర్వాతి కట్టుకు పోయేటప్పుడు అక్క కూడా వస్తానంది. పప్పు తాళింపు వేసి, పొయ్యి ఆర్పి, మంచి చీర కట్టుకుని వచ్చింది. అత్త వెనక సీట్లో కాళ్ళు చాపుకుంటానంది. అక్క నా పక్కన కూర్చుంది. దారంతా సెట్టు వైపే చూస్తోంది గానీ ముట్టుకోలేదు.

"నొక్కు అక్కా. కాలిపోదు."

ఆమె చూపుడువేలు చాచి, వెతుకుడు బటను నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అంకెలు పరుగెత్తి ఒకచోట ఆగాయి. పుత్తూరు దగ్గరపడుతున్న కొద్దీ మద్రాసు వైపు స్టేషన్లు చొరబడుతుంటాయి. తమిళంలో ఒకామె గలగలా మాట్లాడుతోంది. నేను మార్చబోయాను.

"ఉండు, ఉండు!" అంది అక్క.

అక్క పుట్టిల్లు సరిహద్దుకు అవతల. చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడింది తమిళమే. పెళ్ళయి వచ్చాక మా ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు లేరు. ఆ సంగతి మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు కూడా. రేడియోలో ఆమె ఏదో వంట గురించి చెబుతోంది. మధ్యలో శబ్దం పోతోంది, గరగరమంటోంది, మళ్ళీ వస్తోంది. అక్క సెట్టు దగ్గరికి చెవి వంచి వింటూ, ఒక్కసారిగా గట్టిగా నవ్వి, తమిళంలోనే ఆమెకు ఎదురు జవాబు చెప్పింది.

"ఏమంటాది?" అని అత్త వెనక నుంచి అడిగింది.

"కొళంబులో చింతపండు ముందే పొయ్యమంటాది అత్తా. దానికేం తెలుసు!"

ఆ గరగర భరించలేక తిరుపతి స్టేషను పెడదామని నేను చెయ్యి చాచాను. అక్క నా చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటి వేసింది.

"రోడ్డు సూసి నడుపు మే" అంది.